ఎముక పెంచే స్కాఫోల్డ్‌లో పోషకం లోపలిదాకా వెళ్తోందా?

ఎముక కణాలను ప్రయోగశాలలో పెంచడం ఇప్పుడు అంత కష్టమేమీ కాదు. మూలుగ నుంచి తీసిన స్టెమ్ సెల్స్‌ను పళ్లెంలో వేసి, తగిన మీడియం (కణాలకు పోషకాలిచ్చే ద్రవం) పోసి, వేళకు మారుస్తూ ఉంటే కొన్ని వారాల్లో కాల్షియం పేరుకోవడం కనిపిస్తుంది. అసలు కష్టం మందం దగ్గర మొదలవుతుంది. 1997లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుక మూలుగ కణాలను పీఎల్‌జీఏ అనే కరిగిపోయే పాలిమర్ స్పాంజ్‌లలో ఎనిమిది వారాల పాటు పెంచారు. స్పాంజ్ మందం రెండు మిల్లీమీటర్ల లోపే. అయినా గట్టిపడిన ఎముక పదార్థం పైనుంచి సుమారు పావు మిల్లీమీటరు లోతు వరకే ఏర్పడింది. ఆ కింద రంధ్రాలున్నాయి, చోటుంది, ఎముక మాత్రం లేదు.

సర్జన్‌కు కావలసింది పావు మిల్లీమీటరు పొర కాదు. రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన కాలి ఎముకకో, కేన్సర్ కారణంగా దవడలో కొంత తీసేసిన చోటికో సెంటీమీటర్లలో ఉండే ముక్క కావాలి. ఇప్పటికీ ఎక్కువగా రోగి తుంటి ఎముక నుంచే కొంత తీసి అతుకుతున్నారు. దాంతో రెండో గాయం, రెండో నొప్పి. పైగా అక్కడ దొరికేది కొంతే. ఆ బాధ తప్పించాలనే స్కాఫోల్డ్ ఆలోచన వచ్చింది: టైటానియం, హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం లాంటిది), పాలిమర్ లాంటి వాటితో నిండా రంధ్రాలుండే ఆధారాన్ని తయారుచేసి, దాంట్లో రోగి సొంత కణాలను నింపి, ఎముకగా మారనివ్వడం. రంధ్రాలు 100 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదని, 300 దాటితే ఇంకా మేలని ఈ రంగంలో చాలాకాలంగా ఒక అంచనా ఉంది. కానీ రంధ్రం ఉంటే సరిపోదు. దాని గుండా ఎంత ద్రవం, ఏ వేగంతో, ఎంత ఆక్సిజన్ మోసుకుంటూ వెళ్తోందన్నది అసలు ప్రశ్న. స్కాఫోల్డ్ లోపల ప్రతి రంధ్రంలో సెన్సార్ పెట్టలేం కాబట్టి దీనికి జవాబు లెక్క నుంచే రావాలి.

ప్రవాహమే లేదనుకుని ముందు లెక్క వేద్దాం. అప్పుడు ఆక్సిజన్ విసరణ మీదే, అంటే ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు దానంతటదే వ్యాపించడం మీదే ఆధారపడి లోపలికి చేరాలి. గాలితో సమతౌల్యంలో ఉన్న మీడియంలో, 37 డిగ్రీల దగ్గర, లీటరుకు సుమారు 0.2 మిల్లీమోల్ ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. రక్తంలో హీమోగ్లోబిన్ పుణ్యమా అని దీనికి నలభై రెట్లకు పైగా ఉంటుంది. మీడియంలో ఆ వసతి లేదు. స్కాఫోల్డ్ లోపల ఆక్సిజన్ విసరణ గుణకం సెకనుకు 2,000 చదరపు మైక్రాన్లు అనుకుందాం. ఒక్కో కణం సెకనుకు 20 ఆటోమోల్ (మోల్‌ను వంద కోట్లతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది ఒక ఆటోమోల్) వాడుకుంటుందని అనుకుందాం. స్టెమ్ సెల్స్ విషయంలో ఇది నమ్మదగిన స్థాయే. ఘన సెంటీమీటరుకు కోటి కణాలుంటే ఆక్సిజన్ ఒక వైపు నుంచి 2 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్లి అయిపోతుంది. పది కోట్లుంటే 0.6 మిల్లీమీటర్లు. వంద కోట్లుంటే, అంటే కణజాలం దట్టంగా నిండితే, 0.2 మిల్లీమీటర్లు. శరీరంలో దాదాపు ఏ కణమైనా కేశనాళికకు 100 నుంచి 200 మైక్రాన్ల దూరంలోనే ఎందుకుంటుందో ఈ చివరి అంకె చెబుతోంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. లోతు కణాల సంఖ్య వర్గమూలం మీద ఆధారపడుతుంది. కణాలు పది రెట్లు పెరిగితే లోతు మూడోవంతుకు తగ్గుతుంది. అంటే మొదటి రోజు లోపలిదాకా ఆక్సిజన్ అందే స్కాఫోల్డ్, కణాలు బాగా పెరిగినందువల్లే మూడో వారానికి లోపల ఊపిరాడని స్థితికి చేరుతుంది. పైన మొదట పెరిగిన కణాలే కింద కణాల వాటా తినేస్తాయి. రైస్ స్పాంజ్‌లలో పైపొరే ఎముకగా మారడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం. కణాలను పైనుంచి వేసినప్పుడు ఎక్కువ భాగం పైనే అతుక్కుంటాయి కూడా. కానీ జరిగే తీరు మాత్రం ఇదే.

మరి గ్లూకోజ్? తక్కువ గ్లూకోజ్ ఉండే మామూలు మీడియంలో కూడా లీటరుకు 5.5 మిల్లీమోల్ ఉంటుంది. విసరణలో అది ఆక్సిజన్ కంటే నెమ్మది, అయినా నిల్వ ఇరవై ఏడు రెట్లు ఎక్కువ కాబట్టి ముందు కరువయ్యేది ఆక్సిజనే. అందుకే చాలా మోడళ్లు, అంటే ఇలాంటి లెక్కలు వేసే గణిత నమూనాలు, ఆక్సిజన్ ఒక్కదాన్నే లెక్కిస్తాయి. ప్రయోగశాలలో ఇది సరిపోతుంది. శరీరంలోకి వెళ్లాక సరిపోదు.

విసరణ చాలనప్పుడు చేయగలిగింది ద్రవాన్ని లోపలికి తోయడమే. స్పిన్నర్ ఫ్లాస్క్‌లో మీడియం స్కాఫోల్డ్ చుట్టూ తిరుగుతుంది గానీ లోపలికి పెద్దగా పోదు. పర్‌ఫ్యూజన్ బయోరియాక్టర్‌లో స్కాఫోల్డ్‌ను గొట్టంలో బిగించి, పంపుతో మీడియాన్ని దాని గుండానే పంపుతారు. ఎంత వేగం కావాలన్నది లెక్కే. ఒక సెంటీమీటరు వ్యాసం, ఒక సెంటీమీటరు ఎత్తు ఉన్న స్తంభం తీసుకోండి. కోటి సాంద్రతలో కణాలకు కావలసినంత ఆక్సిజన్ మోసుకెళ్లాలంటే సెకనుకు 10 మైక్రాన్ల వేగం చాలు. పంపు భాషలో నిమిషానికి 0.05 మిల్లీలీటరు. ఇంత నత్తనడక ప్రవాహం కూడా ఒక సెంటీమీటరు దూరంలో విసరణ కంటే యాభై రెట్లు బలమైనది. విసరణ ఒక్కదానితో ఆక్సిజన్ ఆ దూరం దాటాలంటే ఏడు గంటలు పడుతుంది. అదే 100 మైక్రాన్లైతే రెండున్నర సెకన్లు. ప్రవాహం దూరం సంగతి చూసుకుంటే, రంధ్రం మధ్య నుంచి గోడకు అంటుకున్న కణం వరకు ఉండే చివరి వంద మైక్రాన్లను విసరణ చూసుకుంటుంది. కణాలు పది కోట్లకు చేరితే వేగాన్నీ పదింతలు చేయాలి, అంటే నిమిషానికి అర మిల్లీలీటరు. అదీ నిష్క్రమణ చోట ఆక్సిజన్ సున్నాకు పడిపోయినా పర్వాలేదనుకుంటేనే. చివరన సగమైనా మిగలాలంటే ఇంకా రెట్టింపు.

ఇక్కడే ఈ విషయం ఆసక్తికరమవుతుంది. ద్రవం పోషకాన్ని మోయడమే కాదు, కణాన్ని రాపాడిస్తూ పోతుంది. ఆ రాపిడినే షియర్ స్ట్రెస్ అంటారు. ఎముక కణాలు దీనికి స్పందిస్తాయి. నడిచినప్పుడల్లా ఎముక కొద్దిగా వంగుతుంది, లోపలి సన్నని కాలువల్లో ద్రవం కదులుతుంది, ఎముక లోపలుండే ఆస్టియోసైట్లు అనే కణాలు ఆ కదలికను పసిగట్టి ఎముకను ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో సంకేతాలిస్తాయి. వైన్‌బామ్, కోవిన్, జెంగ్ అనే పరిశోధకులు 1994లో వేసిన లెక్క ప్రకారం అక్కడ షియర్ 0.8 నుంచి 3 పాస్కల్స్ (ఒత్తిడిని, రాపిడిని కొలిచే యూనిట్) దాకా ఉంటుంది. మన స్తంభంలో, 300 మైక్రాన్ల రంధ్రంలో, నిమిషానికి అర మిల్లీలీటరు ప్రవాహంతో వచ్చేది సుమారు 3 మిల్లీపాస్కల్స్. అంటే శరీరంలోని దానికంటే కొన్ని వందల రెట్లు తక్కువ. మరి ఇంత మెల్లని రాపిడిని కణాలు పట్టించుకుంటాయా అంటే, పట్టించుకుంటాయనే ప్రయోగాలు చెబుతున్నాయి. 2005లో పోర్టర్, గుల్డ్‌బర్గ్ బృందం మానవ ఎముక స్పాంజ్ భాగాన్ని మైక్రో సీటీ (సూక్ష్మ వివరాలు చూపే సీటీ స్కాన్) తీసి, అచ్చంగా ఆ ఆకారంలోనే లాటిస్ బోల్ట్జ్‌మాన్ అనే కంప్యూటర్ పద్ధతిలో ప్రవాహాన్ని లెక్కగట్టింది. సగటు షియర్ 0.05 మిల్లీపాస్కల్ ఉన్న పరిస్థితిలో కణాల సంఖ్య పెరిగిందని, అంతకంటే ఎక్కువ షియర్ దగ్గర ఎముక లక్షణాల జన్యువులు చురుకయ్యాయని తేల్చింది.

చిక్కు ఏమిటంటే, పంపు వేగం పెంచితే పోషకమూ పెరుగుతుంది, రాపిడీ పెరుగుతుంది. ఎముక ఎక్కువగా ఏర్పడితే ఆ ఘనత ఎవరిది? 2002లో రైస్ బృందమే టైటానియం తీగల అల్లికలో మూలుగ కణాలను నిమిషానికి 0.3, 1, 3 మిల్లీలీటర్ల వేగాల్లో పెంచి, వేగం పెరిగే కొద్దీ ఖనిజం ఎక్కువగా చేరిందని చూపించింది. తిండి ఎక్కువైందా, తోపుడు ఎక్కువైందా అన్నది అందులోంచి తేలదు. మరుసటి ఏడాది వాళ్లు వేసిన ఎత్తు చాలా గొప్పది. పంపు వేగాన్ని ఒకేచోట ఉంచి మీడియంలో డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుల పదార్థం కలిపారు. ద్రవం చిక్కబడింది. గంటకు వచ్చే పోషకం అంతే, కణం మీద రాపిడి మాత్రం పెరిగింది. ఖనిజం పెరిగింది, స్కాఫోల్డ్ అంతటా మరింత సమంగా పరుచుకుంది కూడా. షియర్‌కు సొంతంగా ప్రభావం ఉందని దాంతో ధ్రువపడింది. మోడలింగ్ చేసే ప్రతి ఒక్కరూ ఈ ప్రయోగాన్ని మనసులో ఉంచుకోవాలి. ఎందుకంటే ఒక మంచి మోడల్ చేయాల్సింది సరిగ్గా ఇదే: పంపులో కలిసిపోయే రెండు కారణాలను విడదీసి చూపడం.

దీనికి ఎదురుగా మరో ప్రయోగం ఉంది. 2003లో గుల్డ్‌బర్గ్ బృందం మానవ ఎముక ముక్కల్లో ఎలుక ఎముక కణాలను నిమిషానికి 0.01 నుంచి 1 మిల్లీలీటరు దాకా వేర్వేరు వేగాల్లో పెంచింది. 1 మిల్లీలీటరు దగ్గర చాలా కణాలు చచ్చిపోయాయి. అంటే ఒక ల్యాబ్‌లో 3 మిల్లీలీటర్లు మేలు చేస్తే, మరో చోట 1 మిల్లీలీటరే చంపేసింది. ఇద్దరూ తప్పు కాదు. స్కాఫోల్డ్ వ్యాసం వేరు, రంధ్రాల ఆకారం వేరు, కణాల రకం వేరు. నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అన్న అంకె ఒక్కటే రాసి పేపర్ ముగించేస్తే చదివేవాళ్లకు అది దాదాపు పనికిరాదు. రంధ్రంలో వేగం, గోడ మీద షియర్ చెప్పాలి. అవి మోడల్ లేకుండా రావు.

మోడళ్లలో అన్నిటికంటే పాతది డార్సీ సూత్రం. 1856లో ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణంలో నీటి సరఫరా చూసిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక స్తంభాల గుండా నీరు ఎలా పారుతుందో కొలిచి దీనికి పునాది వేశాడు. ఇప్పుడు వాడే రూపంలో వేగం ఒత్తిడి తేడాకు అనులోమంగా, చిక్కదనానికి విలోమంగా ఉంటుంది, మధ్యలో ఉండే గుణకం ఆ పదార్థపు పర్మియబిలిటీ, అంటే అది ద్రవాన్ని ఎంత సులువుగా పారనిస్తుందో చెప్పే అంకె. 1940ల చివర్లో బ్రింక్‌మన్ ఈ సమీకరణానికి ఇంకో గణిత పదం చేర్చాడు. రంధ్రాలున్న చోటు, ఖాళీ చోటు కలిసే సరిహద్దు దగ్గర అది అవసరం. ఇవి రెండూ స్కాఫోల్డ్‌ను ఒకే ముద్దగా చూస్తాయి. మూడోది రంధ్ర స్థాయి లెక్క: మైక్రో సీటీ చిత్రాల నుంచి అసలు ఆకారం తీసుకుని ప్రతి సందులో ప్రవాహాన్ని లెక్కించడం. వేగాలు ఎంత తక్కువంటే రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నిలకడగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా అని చెప్పే అంకె) 0.1 కూడా దాటదు. కాబట్టి సుడులు, అల్లకల్లోలం లేవు. ఆ మేరకు గణితం సులువే. కష్టం ఆకారంలో ఉంది. సన్నని మెడ లాంటి చోట్ల సీటీ గడులు రెండు మూడే పడితే గోడ మెట్లుమెట్లుగా వస్తుంది, అక్కడ షియర్ అంకె నమ్మదగింది కాదు. అంతా సరిగ్గా రావాల్సిన చోటే, అంటే ఇరుకు మెడల దగ్గరే, పొరపాటు ఎక్కువ. కొందరు పర్మియబిలిటీ కొలవకుండా దాన్ని అంచనా వేసే కోజెనీ, కార్మన్ సూత్రంతో సరిపెట్టేస్తారు. అది గుండ్రటి గింజల పోగు కోసం పుట్టింది. 3డీ ప్రింటింగ్‌తో చేసిన జైరాయిడ్ అనే వంపుల అల్లికకు దాన్ని అలాగే వాడటం సమర్థించదగ్గది కాదు.

ముద్ద లెక్కకు రంధ్ర లెక్కకు తేడా ఎక్కడ బయటపడుతుందంటే సగటులో. ఒకే ఒత్తిడి తేడా కింద గుండ్రటి రంధ్రం గుండా వెళ్లే ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 400 మైక్రాన్ల రంధ్రం, 200 మైక్రాన్ల రంధ్రం పక్కపక్కనే ఉంటే పెద్దదాని గుండా పదహారు రెట్లు పోతుంది. కాలువలో నీళ్లు సమృద్ధిగా ఉన్నా చివరి పొలాలు ఎండిపోతాయని గోదావరి, కృష్ణా ఆయకట్టు రైతులకు చెప్పక్కర్లేదు. తల దగ్గర విడుదలైన నీటిని మొత్తం ఎకరాలతో భాగిస్తే వచ్చే సగటు చివరి మడిలో ఉన్నవాడికి అక్కరకు రాదు. స్కాఫోల్డ్‌లోనూ అంతే. సగటు షియర్ 3 మిల్లీపాస్కల్స్ అని రాస్తే, అందులో పావువంతు గోడలు దాదాపు సున్నా దగ్గర, కొన్ని మెడలు పదుల మిల్లీపాస్కల్స్ దగ్గర ఉండొచ్చు. అందుకే సగటు కాకుండా మొత్తం పంపిణీ చూపించే పేపర్లకే విలువ ఇవ్వాలి.

పంపిణీ కన్నా ముందే తప్పిపోయే విషయం ఇంకోటుంది: ద్రవం అసలు స్కాఫోల్డ్ గుండానే వెళ్తోందా? ఇంత మెల్లని ప్రవాహానికి కావలసిన ఒత్తిడి చాలా తక్కువ. పర్మియబిలిటీ వెయ్యి చదరపు మైక్రాన్లున్న స్తంభంలో నిమిషానికి అర మిల్లీలీటరు తోయడానికి సుమారు ఒక పాస్కల్ చాలు. రూపాయి నాణెం మందం నీటి మట్టం తేడా కూడా దీనికి చాలా ఎక్కువే. అంటే పక్కన ఏ చిన్న సందు దొరికినా ద్రవం అటే పోతుంది. స్కాఫోల్డ్‌కూ గొట్టం గోడకూ మధ్య చుట్టూ 0.2 మిల్లీమీటరు ఖాళీ ఉందనుకోండి, ప్రవాహంలో ఐదోవంతు పక్కనుంచి జారిపోతుంది. 0.5 మిల్లీమీటరు ఉంటే ఐదింట నాలుగు వంతులు. పంపు మీద అంకె మారదు, మోడల్‌లో షియర్ అంకె మారదు, లోపల కణాలకు మాత్రం అనుకున్న దాంట్లో ఐదో వంతే అందుతుంది. ఎముక స్పాంజ్ ముక్కను కత్తిరిస్తే, సెరామిక్‌ను కాలిస్తే అర మిల్లీమీటరు తేడా రావడం ఏమంత అరుదు కాదు. రైస్ బయోరియాక్టర్‌లో స్కాఫోల్డ్‌ను క్యాసెట్‌లో బిగుతుగా నొక్కి పెట్టే ఏర్పాటు చేశారంటే కారణం ఇదే. సరిహద్దు గోడకు స్కాఫోల్డ్ అతుక్కుని ఉందని అనుకునే మోడల్, ఆ బిగుతును కొలిచి చూపించాలి. ఇది కంప్యూటర్ పని కాదు, కొలబద్ద పని.

కణాలు పెరిగే కొద్దీ రంధ్రాలు మూసుకుపోవడం మరో చిక్కు. దీంట్లో పంపు రకం ఎంత తేడా చేస్తుందో చాలామంది పట్టించుకోరు. ఒక రంధ్రం 300 నుంచి 150 మైక్రాన్లకు కుదించుకుందనుకుందాం. నిమిషానికి స్థిరమైన పరిమాణం తోసే పెరిస్టాల్టిక్ పంపు ఉండి, ద్రవానికి వేరే దారి లేకపోతే గోడ మీద షియర్ ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ఎత్తులో సీసా పెట్టి స్థిరమైన ఒత్తిడితో నడిపితే అదే రంధ్రంలో షియర్ సగానికి పడిపోతుంది, ప్రవాహం పదహారో వంతు అవుతుంది. ఒకే స్కాఫోల్డ్, ఒకే కణాలు, మూడో వారానికి పూర్తిగా ఎదురు దిశల్లో పరిస్థితి. మొదటి రోజు ఆకారంతో లెక్కగట్టిన షియర్‌ను చివరి రోజు ఎముకతో పోల్చడం ఈ కారణంగానే బలహీనమైన వాదన. అలాంటి పోలికలు ఇప్పటికీ తరచుగా వస్తున్నాయి.

లెక్కను ప్రయోగంతో కలిపి నడిపిన పనుల్లో కొలంబియా యూనివర్సిటీలో గోర్డానా వున్యాక్ నోవకోవిచ్ బృందం 2010లో చేసింది ముఖ్యమైనది. వాళ్లు దవడ కీలు ఎముక తలను సీటీ స్కాన్ నుంచి అచ్చుగుద్దినట్లు, కణాలు తీసేసిన ఆవు ఎముకలో చెక్కారు. అందులో మానవ స్టెమ్ సెల్స్ నింపి, ఆ ఆకారానికే సరిపోయే గదిలో బిగించి ఐదు వారాలు మీడియం పంపారు. వంకర ఆకారంలో ప్రవాహం అంతటా ఒకేలా ఉండదు కాబట్టి లోపలి ప్రవాహాన్ని లెక్కగట్టి, ఎముక ఎక్కడెక్కడ ఎలా ఏర్పడిందో దాంతో పోల్చి చూశారు. 2016లో అదే బృందం పందుల సొంత కొవ్వు నుంచి తీసిన స్టెమ్ సెల్స్‌తో దవడ ఎముక తయారుచేసి, యుకటాన్ మినీపిగ్ అనే ఆ చిన్న జాతి పందులకే అమర్చి, ఆరు నెలల తర్వాత ఫలితం చూపించింది.

అమర్చడం అనగానే మోడల్ సరిహద్దు పరిస్థితి, అంటే స్కాఫోల్డ్ అంచుల దగ్గర ఏం జరుగుతోందన్నది, ఒక్కసారిగా మారిపోతుంది. ఆపరేషన్ టేబుల్ మీద పంపు ఆగిపోతుంది. రక్తనాళాలు బయటినుంచి లోపలికి పాకాలి. రోజుకు మిల్లీమీటరు కూడా పాకవు. కాబట్టి సెంటీమీటరు ముక్క మధ్యలో ఉన్న కణం రోజుల తరబడి పాత మీడియం మీదే బతకాలి. ఇక్కడ ఆక్సిజన్ ఒక్కటే చూసే మోడల్ తప్పుదారి పట్టిస్తుంది. పారిస్ పరిశోధకులు 2011లో చూపించినట్లు, గ్లూకోజ్ ఉంటే ఈ స్టెమ్ సెల్స్ ఆక్సిజన్ దాదాపు లేకపోయినా చాలా రోజులు బతకగలవు. గ్లూకోజ్ అయిపోతే చచ్చిపోతాయి. ఘన సెంటీమీటరు స్కాఫోల్డ్‌లో ఎనభై శాతం ఖాళీ ఉంటే మామూలు మీడియంలో ఉండే గ్లూకోజ్ 4.4 మైక్రోమోల్. కోటి కణాలకు అది కొద్ది గంటల్లోనే అయిపోతుంది. అమర్చే ముందు పెంపకానికి సరిపోయిన కణాల సాంద్రత, అమర్చిన మరుక్షణం మోయలేని భారమవుతుంది. స్కాఫోల్డ్ లోపల గ్లూకోజ్ నిల్వను నెమ్మదిగా విడుదల చేసే పదార్థాల మీద, రక్తనాళం కోసం ముందే దారి వదిలిన అల్లికల మీద ఇప్పుడు పని ఎందుకు జరుగుతోందో ఈ లెక్క ఒక్కటి చాలు చెప్పడానికి.

వేరే దారి కూడా ఉంది. 2004లో జర్మనీలోని కీల్‌లో వైద్యులు, దవడలో పెద్ద భాగం పోయిన రోగికి టైటానియం వల పంజరం చేసి, అందులో ఎముక ఖనిజం దిమ్మెలు, రోగి మూలుగ, ఎముకను పెంచే ప్రోటీన్ నింపి, దాన్ని వీపు కండరంలో ఏడు వారాలు ఉంచారు. అక్కడి రక్తనాళాలు అందులోకి పెరిగాయి. తర్వాత ఆ ముక్కను నాళాలతో సహా తీసి దవడకు అతికి, మెడ దగ్గరి రక్తనాళాలకు కుట్టారు. ప్రవాహం మొదటి నిమిషం నుంచే మొదలైంది. దీనికి రోగి వీపు మీద ఇంకో ఆపరేషన్ మూల్యం. ప్రయోగశాలలో పెంచిన ముక్కకు ఆ మూల్యం లేకుండా అదే పని చేయించాలంటే, బయోరియాక్టర్‌లో చివరి రోజుకూ శరీరంలో మొదటి వారానికీ ఒకే మోడల్ నడవాలి: ఒకవైపు పంపు, మరోవైపు పాకే రక్తనాళం, మధ్యలో మూసుకుపోతున్న రంధ్రాలు, ఆక్సిజన్, గ్లూకోజ్ రెండూ. ఇప్పటికి వస్తున్న పనుల్లో ఎక్కువ భాగం పంపు ఉన్న సగానికే పరిమితమై ఉంది.